మోయని గర్డర్

పగిలిన తాటిదూలం కింద కొత్త ఇనుప గర్డర్ ఎక్కించినా, దూలం కిర్రుమనడం ఆగలేదు. కుట్టుమిషన్ ముందు కూర్చోలేక భూలక్ష్మి మళ్ళీ లేచింది.

“ఎన్నిసార్లు లేస్తవ్? సిద్దిపేట పోయి గింత లావు ఇనుము తెచ్చి పెట్టిచ్చిన. ఇంకేం రంది నీకు?” అన్నాడు ఆమె భర్త రాజేశం, కుర్చీలోంచి కదలకుండానే. అతను దుబాయి నుంచి వచ్చి నెల దాటింది.

ఆమె స్టూలెక్కి, పాత కేలండర్ కాగితాన్ని దూలానికీ గర్డర్‌కీ మధ్య దూర్చింది. కాగితం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎక్కడా ఆగకుండా జరిగింది.

“గిటు సూడు. నీ గర్డర్ దూలాన్ని తాకనే లేదు. ఊకె నిలబడ్డది. బరువంత ఇంకా పగిలిన దూలమే మోస్తున్నది.”

రాజేశం వచ్చి చూశాడు. సుత్తి తెచ్చి, స్టూలెక్కి, ఆ సందులో ఇనుప ముక్కలు పెట్టి కొట్టసాగాడు. అంతలోనే చెయ్యి ఆపేశాడు.

“అయ్యో, గర్డర్ నడుమ జర వంగిందే!”

“వంగనియ్యి. గిప్పుడే మోసుడు షురువైంది.”

ఇంకో రెండు దెబ్బలకు కిర్రుమనడం ఆగిపోయింది. పక్క గదిలోంచి, మంచం పట్టిన అత్త పిలిచింది.

“భూలక్ష్మీ, జర లేపవా బిడ్డా...”

భూలక్ష్మి మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

రాజేశం ఆమె వైపు, వంగిన గర్డర్ వైపు చూశాడు. స్టూలు దిగి, సుత్తి పక్కన పెట్టాడు.

“నేనొస్తున్ననే అవ్వా,” అని తల్లికి చెబుతూ, ఆ పొట్టి గుమ్మంలో నడుం వంచి లోపలికి వెళ్ళాడు.