సీలు విప్పని రికార్డు

“మళ్లీ అదే రికార్డా, బాబాయిగారూ?”

బల్ల వెనక నిలబడ్డ రికార్డులావిడ నవ్వుతూ అడిగింది. పెద్దాయన భూతద్దాన్ని గబుక్కున జేబులోకి తోసి, దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా తల వంచుకున్నాడు.

ఆరు నెలలకోసారి ఆ బ్యాడ్మింటన్ హాల్లో పాత గ్రామఫోన్ రికార్డుల సంత జరుగుతుంది. నేల మీది తెల్లగీతల మధ్య బల్లలు, వాటి మీద అట్టపెట్టెలు, పెట్టెల మీదికి వంగిన నెరిసిన తలలు. వచ్చినవాళ్లంతా సంచీలు నింపుకుని పోతారు. పెద్దాయన అడిగేది మాత్రం ఒక్క రికార్డే.

“పోయినసారి నా దగ్గర తీసుకున్నది ఏమైంది?”

“రెండో చరణంలో సూది గెంతింది.”

“అయ్యో, వెనక్కి తెస్తే మార్చి ఇచ్చేదాన్ని కదా!”

“అట్ట మీద తేదీ వేసేశానమ్మా.”

కొన్న ప్రతి రికార్డు అట్ట మీదా, కింది మూలన, పెన్సిలుతో తేదీ వెయ్యడం ఆయన అలవాటు. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన చెయ్యి అది.

పక్క బల్లాయన అందుకున్నాడు. “ఈయనకి రికార్డు అమ్మకు తల్లీ. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషి.”

“నువ్వూరుకో అన్నయ్యా,” అని కసిరి, ఆవిడ పెద్దాయన వైపు కుర్చీ జరిపింది. “కూర్చోండి. అసలు ఆ పాట మీద మీకంత పట్టుదల ఏమిటి? ఇవాళ చెబితేగానీ వదలను.”

ఆయన కూర్చున్నాడు.

“మూడేళ్లు తిరిగి కొత్తది సంపాదించాను. ఆదివారం ఆఫీసు మిత్రులు వస్తున్నారని, అప్పటిదాకా ముట్టుకోకుండా బల్ల మీద పెట్టాను. మధ్యలో మా ఆవిడ ఆ గది తుడిచింది. ఆదివారం నలుగురూ వింటుండగా పాట గెంతింది.”

“అమ్మగారి చెయ్యి తగిలిందా?”

“తగిలిందనే అన్నాను. అందరి ముందే. ‘నేను ముట్టుకోలేదండీ’ అంది. ‘ముట్టుకోకుండా గీత దానంతటదే పడిందా?’ అన్నాను.” ఆయన పంచె అంచు మడత పెట్టి, విప్పాడు. “ఆ తరవాత ఆవిడ ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. గుమ్మం దాకా ఊడ్చి, చీపురు గోడకి ఆనించి వెళ్లిపోయేది. నేను పాట పెడితే గుమ్మం బయట నిలబడి వినేది. లోపలికి మాత్రం వచ్చేది కాదు.”

“రమ్మనలేదా మీరు?”

“నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లమ్మా.”

రికార్డులావిడ మొహం మెత్తబడింది. “అదన్నమాట! గెంతనిది తీసుకెళ్లి అమ్మగారికి వినిపించాలని తిరుగుతున్నారు.”

“ఆవిడ పోయి రెండేళ్లయింది.”

పక్క బల్లాయన చేతిలోని పెట్టె మెల్లిగా కింద పెట్టాడు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

“పోయిన మనిషి కోసం ఇంకా వెతుకుతున్నారా! ఉన్నప్పుడే పట్టించుకోరు ఈ రోజుల్లో.”

“నువ్వనుకున్నట్టు కాదమ్మా...” ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ వినిపించుకోలేదు. బల్ల కిందికి వంగి, దుప్పట్లో చుట్టిన రికార్డు ఒకటి తీసింది. “మూసేసిన దుకాణం గిడ్డంగిలో దొరికింది. కంపెనీ వేసిన సీలు అలాగే ఉంది చూడండి. మనిషి చెయ్యి తగల్లేదు దీనికి.”

ఆయన భూతద్దం తీసి నాలుగు అంచులూ చూశాడు. మళ్లీ చూశాడు.

“సీలు తీస్తే దాని విలువ పోతుంది తల్లీ,” అన్నాడు పక్కాయన.

“పోతే పోనీ. అమ్మగారి కోసం తీస్తున్నా,” అని ఆవిడ గోటితో చీల్చింది.

సూది దిగింది. పల్లవి అయింది. మొదటి చరణం సాఫీగా సాగింది. పెద్దాయన కుర్చీ అంచు పట్టుకుని, పెదవులతో మాటలు లెక్కపెడుతున్నాడు. ఈ ఒక్కటి గెంతకపోతే చాలు. రెండో చరణం వచ్చింది. గాయని దీర్ఘం తీసి, గమకం అందుకునేలోగా సూది టప్పున గెంతి తరవాతి పంక్తి మధ్యలో పడింది.

ఆవిడ సూది తుడిచి మళ్లీ పెట్టింది. అక్కడే గెంతింది. పక్కాయన తన యంత్రం మీద వేశాడు. అక్కడే.

“సీలున్నదానికి గీత ఎలా వస్తుంది?” ఆవిడ వెలుతురులో పళ్లెం తిప్పి చూసింది. “గీత కాదిది. అచ్చులోనే ఉంది లోపం. అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినవే కదా, ఎన్ని కొన్నా ఇంతే. అంటే, పాపం, అమ్మగారు...”

పెద్దాయన లేచి డబ్బు బల్ల మీద పెట్టాడు. ఆవిడ వద్దంటున్నా వినకుండా రికార్డు చంకలో పెట్టుకున్నాడు.

“బాధపడకండి బాబాయిగారూ. అప్పుడు మీకు మాత్రం ఏం తెలుసు? తెలిస్తే తప్పు రికార్డుదేనని ఆవిడతో చెప్పకపోయేవారా?”

ఆయన అప్పటికే తలుపు వైపు నడుస్తున్నాడు. వెనక్కి కూడా చూడలేదు.

ఇంటికి వచ్చి దీపం వేశాడు. చీపురు గుమ్మం పక్కన గోడకే ఆనించి ఉంది. లోపలికి వెళ్లి, కొత్త అట్ట మూలన పెన్సిలుతో తేదీ వేశాడు. అరలో అదే రికార్డు ఏడు ప్రతులున్నాయి. ఏడూ ఆ దీర్ఘం దగ్గరే గెంతుతాయి. ఎనిమిదోదాన్ని వాటి పక్కన నిలబెట్టి, మొదటినుంచి తేదీలు చదువుకుంటూ వచ్చాడు. రెండోదాని మీద పదకొండేళ్ల కిందటి తేదీ ఉంది.

అదీ అక్కడే గెంతినప్పుడు ఆయన భార్య గుమ్మం బయటే నిలబడి ఉంది.