నుదుటి పథ్యం

“కళ్ళు మూసుకోమ్మా. ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించు” అన్నాడు చర్మవ్యాధుల డాక్టరు గోపాలకృష్ణ.

సీతామహాలక్ష్మి కళ్ళు మూసుకుంది. ఆమె నుదుటి మీద, కుంకుమ బొట్టు చుట్టూ, రూపాయి బిళ్ళంత మేర తెల్లబడింది. డాక్టరు దూదిపోగుతో ఆ తెలుపును అంటీ అంటనట్టు తాకాడు. ఆమె వేలు తడుముకోకుండా అక్కడికే వెళ్ళింది. మరోచోట తాకాడు. అక్కడికీ వెళ్ళింది.

“స్పర్శ చక్కగా ఉంది. ఇది పెద్దరోగం కాదు తల్లీ.”

ఆమె కళ్ళు తెరిచి మొగుడి వంక చూసింది. నాగేశ్వరయ్య ఈపురుపాలెంలో మగ్గం నేస్తాడు. పొద్దున్నే ఆమెను చీరాలలో పాసింజరు ఎక్కించి తెనాలి తీసుకొచ్చాడు. బల్ల మీద గోడకు జారగిలబడి కూర్చున్నవాడు విన్నానన్నట్టు తలూపాడు. అప్పుడామెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పుకొచ్చింది. మచ్చ చూసి కుష్టనుకుని ఎదురింటావిడ తమ గడప తొక్కడం మానేసిందట. తనే భయపడి కంచం, చాప వేరు చేసుకుందట. చంటి మనవరాలిని ఎత్తుకోవడమే మానేసిందట. తెల్లారి లేస్తే అద్దం ముందు కూర్చుని, నొప్పి తెలుస్తుందో లేదోనని గుండుసూదితో గుచ్చుకుని చూసుకుంటోందట.

మచ్చ మీద ఎండిన ఆ సూదిపోట్లను డాక్టరు ముందే చూశాడు. ఆ మాట ఎత్తలేదు.

“ఇంటికెళ్ళగానే మనవరాలిని ఎత్తుకో. ఇది ఎవరికీ అంటదు. కొట్లో కొన్న కుంకంలో కలిపే రంగు నీ ఒంటికి పడలేదు, అంతే. ఆరు నెలలు బొట్టు మానేస్తే మెల్లగా రంగు తిరగొచ్చు.”

ఆమె ఏడుపు ఆగిపోయింది.

“బొట్టు మానాలా?”

“మానాలమ్మా.”

ఇంట్లో పసుపుతో చేసుకున్న కుంకుమ పెట్టుకుంటానంది. ఇప్పట్లో అదీ వద్దన్నాడు. తిలకం? వద్దన్నాడు. పోనీ, కనుబొమల మధ్యకు దించి ఆవగింజంత చుక్క? చర్మం కోలుకునేదాకా నుదుటి మీద ఏదీ రాయకూడదన్నాడు. ఆమె లేచి నిలబడి కొంగు నిండుగా కప్పుకుంది.

“అయితే ఈ మచ్చనే ఉండనీయండి బాబూ. మొగుడు ఎదురుగా ఉండగా బోసి నుదురేసుకుని వీధిలోకి ఎట్టా పోను? చూసినోళ్ళు ఏంటనుకుంటారు?”

డాక్టరు కలం మూసి పక్కన పెట్టాడు. ఇక్కడిదాకా వచ్చి, ఈ మాట దగ్గరే వెనక్కి తిరిగి, మళ్ళీ రానివాళ్ళు చాలామందే ఉన్నారు. గోడకు ఆనుకునే నాగేశ్వరయ్య అడిగాడు.

“ఆరు నెలలు చాలాండి? ఏడాది అనకూడదూ?”

“నువ్వూరుకోవయ్యా. నూలు బేరం అనుకున్నావా, పెంచుకుంటూ పోడానికి” అంది ఆమె.

డాక్టరు నవ్వాడు. ఎక్కువ రోజులు మానినా మంచిదే గాని చెడు లేదన్నాడు.

నాగేశ్వరయ్య బల్ల అంచు పట్టుకుని లేచాడు. కూజాలో నీళ్ళు వంపి ఉత్తరీయం కొస తడిపి, పెళ్ళాం ఎదుట నిలబడ్డాడు.

“ఇటు తిరుగు. నువ్వు పెట్టుకునేది నాకోసమేగా. నేనే తీస్తున్నా. ఎవరన్నా అడిగితే మా ఆయనే తీశాడని చెప్పు.”

ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది. మెల్లగా వదిలేసింది. అతను తెగిన పోగును అతికేటంత జాగ్రత్తగా, అంచుల నుంచి లోపలికి, ఆ కుంకుమ తుడిచాడు. కింద మచ్చ తెల్లగా, నిండుగా బయటపడింది.

“బానే ఉన్నావులే” అన్నాడు.

సీతామహాలక్ష్మి డాక్టరు వైపు తిరిగి, ఇది పాపం కాదు కదా బాబూ అని అడిగింది.

“తీసిన చెయ్యి ఆయనదే కదమ్మా” అన్నాడు డాక్టరు.

ఆ మాటతో ఆమె ముఖం కాస్త తేటపడింది. కొంగు నుదుటి మీదికి లాక్కుని, జట్కా పిలుస్తానంటూ బయటికి వెళ్ళింది. నాగేశ్వరయ్య గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ ఎప్పుడు రావాలో అడుగుతాడేమో అనుకున్నాడు డాక్టరు.

“బాబూ, మా వాళ్ళెవరన్నా వచ్చి అడిగితే, దాని నుదుటికి కుంకం తగలకూడదని మీరు గట్టిగా చెప్పాలండి.”

“చెబుతాను. కాని అంత బలవంతంగా ఎవరు పెడతారయ్యా?”

నాగేశ్వరయ్య వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“నాకు ఉగాది దాటదని గుంటూరు ఆసుపత్రిలో చెప్పారండి, దానికింకా తెలీదు, నా పదో రోజున నిండుగా బొట్టు పెట్టి, నలుగురూ చేరి దాని నుదురు చెరపకూడదు.”