జానెడు ఎత్తు

"కారు మీద చెయ్యి తియ్యమ్మా!"

చెంచురామయ్య కేకకు ఆత్మకూరు బస్టాండు ఎదురుగా టైర్ల అంగట్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు.

ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. ముప్పై అయిదు దాటిన మనిషి. ఎడం కాలు పోలియో కాలు, మోకాలి దాకా ఇనప పట్టీలు. ఉదయగిరి బస్సు కోసం నిలబడి నిలబడి, కారును చూసి రోడ్డు దాటి వచ్చింది.

"పెళ్ళికారు కదన్నా. చూద్దామని..."

"చూసేది కళ్ళతో చూడాల."

అవి తొంభైల మొదటి రోజులు. పెళ్ళి ఊరేగింపంటే ఆ మెట్ట ఊళ్ళలో చెంచురామయ్య కారే కారు. ఎప్పుడో మద్రాసులో ఎవరో జమీందారు కొడుకు సరదాకు తోలిన స్పోర్ట్స్ కారు, చేతులు మారి మారి ఉదయగిరి చేరింది. ఎర్ర రంగు. టాపు లేదు. పొంచి కూర్చున్న పిల్లి లాగా నేలబారుగా ఉండేది.

వెనక సీటుకు పూలు కట్టి, ముందర బ్యాండు, అటూ ఇటూ నెత్తిన పెట్రోమాక్సు లైట్లతో మనుషులు, అడుగులో అడుగేసినట్టు ఆ కారు కదిలితే వీధిలో అరుగులన్నీ నిండేవి. పెళ్ళికూతురి ముక్కుపుడక మెరుపు కూడా అందరికీ కనపడేది. ఇప్పటి పెళ్ళికార్లకు అద్దాలు ఎత్తేసి ఉంటాయి. లోపల కూర్చున్నది పెళ్ళికూతురో, బట్టల అంగట్లో బొమ్మో ఎవరికీ తెలీదు.

అట్లాంటి కారు వరికుంటపాడులో పరువు తీసింది. ఊరేగింపు నడుమ కారు కడుపు దారిలో మట్టిగట్టుకు ఆనుకుని కదల్లేదు. పెళ్ళికూతుర్ని దించి మగాళ్ళంతా తోశారు.

"కారు కాదురా ఇది, తాబేలు!" అని ఎవడో అన్నాడు. ఆ మాట ఊరూరా తిరిగింది. గిరాకీ పోయింది.

ఎన్నాళ్ళకో బ్యాండుమేళం తిరుపాలు దయ తలిచి దుత్తలూరులో ఒక పెళ్ళి మాట్లాడి పెట్టాడు. ఇందులోనూ నవ్వులపాలైతే ఇక కారు అమ్ముకోవాల్సిందే. అందుకే చెంచురామయ్య పెద్ద చక్రాల కోసం వచ్చాడు.

అంగడి అంకారావు రెండు సైజులు దొర్లించి చూపించాడు.

"పదమూడుది చాలు మామా. పద్నాలుగుది వేస్తే తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకు రాస్తాది."

"రాస్తే మడ్‌గార్డు కోసెయ్యి. తాబేలన్న నా కొడుకులు తలెత్తి చూడాల!"

"తలెత్తే చూస్తార్లే. నిచ్చెన మాత్రం నువ్వే మోసుకోని పోవాల."

ఆమె ఇంకా అక్కడే ఉంది.

"అన్నా, శనివారం దుత్తలూరు పెళ్ళికి వచ్చేది ఈ కారేనా?"

"ఔ. నీకెందుకు?"

"మాది ఆ ఊరే. ఇట్ట కిందకుంటేనే బాగుండాదన్నా. ఎవురి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కొచ్చు. చక్రాలు మార్చబాకన్నా."

"పెళ్ళికూతుర్లు లేత పిల్లోళ్ళు తల్లీ, ఎగిరి కూచుంటారు. నడుమ నీకేంది బాధ?"

"పోనీ... మార్చకముందు ఒక్కసారి ఎక్కి చూడనిస్తావా?"

అప్పుడు చెంచురామయ్య ఆమె ముఖంలోకి సరిగ్గా చూశాడు. పెళ్ళిళ్ళ మీద బతికేవాడికి ముందు నుదురు చూడడం అలవాటు. బొట్టు లేదు. గాజుల్లేవు, చేతికి వాచీ ఒకటి తప్ప. మెళ్ళో తాళి కనపడలేదు. వయసులోనే మొగుడు పోయినట్టుంది, పాపం అనుకున్నాడు. పాపం అనుకుంటూనే తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోబాకమ్మా. శుభానికి పోయే కారు. నీలాంటోళ్ళు ఎక్కగూడదు."

"నాలాంటోళ్ళంటే?"

"అది కూడా నా నోటితో చెప్పించుకోవాల్నా తల్లీ?"

ఆమె వంగి తన కాలి కేసి చూసుకుంది. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

పద్నాలుగు సైజు చక్రాలే పడ్డాయి. అది చాలదన్నట్టు స్ప్రింగులకు ప్యాకింగు కూడా వేయించాడు. కారు జానెడు లేచి నిలబడింది. ఉదయగిరి దాకా ఒక్క గుంటలోనూ కడుపు తగల్లేదు. దారి పొడుగునా చెంచురామయ్య ఈల వేస్తూనే ఉన్నాడు.

శనివారం దుత్తలూరు పోతే, పెళ్ళి పందిట్లో కాదు, చర్చిలో. ఆ ముక్క తిరుపాలు చెప్పలేదు, ఇతనూ అడగలేదు. ఎవరిదైతే ఏంది, పెళ్ళి పెళ్ళేగా అనుకుని కారు తీసుకుపోయి గుమ్మానికి ఎదురుగా పెట్టాడు.

జనం మూగారు. టైర్లు తడిమి చూశారు.

"ఏనుగు మాదిరుండాదే!" అన్నాడు ఒక ముసలాయన.

చెంచురామయ్యకు ప్రాణం లేచి వచ్చింది. తాబేలు మాట ఇవాళ్టితో మాసిపోతుంది.

లోపల పాట ఆగింది. బయట బ్యాండు ఎత్తుకుంది. పెళ్ళికొడుకు తమ్ముడు యేసుబాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, కారు ఖాళీగానే ముందర పోనీ. మా ఒదిన నడిచే వస్తాదంట."

"నడిచేదేంది? ఈ పెళ్ళి కోసమని చక్రాలు మార్పించుకోని వస్తిని గదయ్యా!"

"మాకూ అర్థం కాలేదన్నా. పట్టుబట్టి నీ కారే మాట్లాడమన్నది ఆమే. వాకిట్లోకొచ్చి కారును చూసి, ఒద్దంటాది."

"ఎవురయ్యా ఆ మహాతల్లి?" అని చెంచురామయ్య సీట్లోంచే విసురుగా వెనక్కి తిరిగాడు.

తెల్ల పట్టుచీరలో, పెళ్ళికొడుకు భుజం ఆసరాతో, ఎడం కాలు జాగ్రత్తగా మోపుకుంటూ ఒక్కో మెట్టే దిగి వస్తున్న పెళ్ళికూతురు, ఆత్మకూరులో అతను మొగుడు పోయిందనుకున్న మనిషే.