ఆలస్యంగా పడే గేరు

"కారు నా మాట వినడం లేదండీ," అంది నర్సు.

మెకానిక్ నవ్వలేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తప్ప మరో పని ముట్టుకోని మనిషి. ఇలాంటి మాటలు అతనికి అలవాటే. చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ, "ఏం చేస్తోంది సిస్టర్?" అన్నాడు.

"ఇదివరకు మెత్తగా పోయేది. గేరు ఎప్పుడు మారిందో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు కాలు ఇలా ఆనించానో లేదో ఒకటే గోల. గేరు మారదు, ఇంజను అరుస్తుంది. ఆ తర్వాతెప్పుడో ఒక్క కుదుపుతో పడుతుంది. పెట్రోలైతే మంచినీళ్ళలా తాగేస్తోంది."

ఆమెనే తోలమని మెకానిక్ పక్కన కూర్చున్నాడు. ఓ చుట్టు తిరిగొచ్చారు. మలుపు దగ్గర ఇంజను గొంతు పెంచింది. అతను తల వంచి విన్నాడు.

"రోగమేం లేదు," అన్నాడు దిగాక. "ఈ గేర్‌బాక్సు తోలేవాళ్ళ కాలిని చూసి నేర్చుకుంటుంది. నెమ్మదిగా తొక్కేవాళ్ళయితే పై గేరు తొందరగా వేసేస్తుంది. ఇంజను తక్కువ తిరుగుతుంది, పెట్రోలు మిగులుతుంది, కూర్చున్నవాళ్ళకి కుదుపు తెలీదు. అదే గట్టిగా తొక్కే మనిషైతే, ఈయనకి ఊపు కావాలి కాబోలనుకుని కింది గేరులోనే చాలాసేపు పట్టి ఉంచుతుంది. లాగుడు బాగుంటుంది. పెట్రోలు మాత్రం గోవిందా."

"నేను గట్టిగా తొక్కను."

"ఇప్పుడు చూశాగా. గుడ్ల బుట్ట ఒళ్ళో పెట్టుకున్నట్టు తోలారు. అందుకే అడుగుతున్నా. మీ కారు ఇంకెవరు తోలుతున్నారు?"

"ఎవరూ తోలరు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆయన మంచం దిగలేరు."

ఆ సంగతి మెకానిక్‌కూ తెలుసు. వీధి వీధంతా తెలుసు. ఆమె భర్త ఒకప్పుడు ఇంట్లో కాలు నిలవని మనిషి. ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఇంటికొచ్చినా చొక్కా మార్చుకుని మళ్ళీ బయటికే. అలాంటివాడికి నిరుటి నుంచి కాళ్ళలో సత్తువ పోయింది. చూపించని డాక్టరు లేడు. ఎవరికీ అంతు చిక్కలేదు. భార్య నర్సు కావడం అతని అదృష్టమన్నారు అందరూ. ఆమె ఆసుపత్రి బస్సులో డ్యూటీకి వెళ్తుంది. వచ్చి వంట చేస్తుంది, అతనికి తినిపిస్తుంది, ఒళ్ళు తుడుస్తుంది. ఏ కూరగాయలకో తప్ప కారు బయటికి తీయదు.

"పాత అలవాటంతా చెరిపేశాను," అన్నాడు మెకానిక్, డాష్‌బోర్డు కింద పెట్టిన స్కానరు తీగ పీకుతూ. "ఇక మీ కాలినే చూసి నేర్చుకుంటుంది. మళ్ళీ ఇలాగే అయిందంటే మాత్రం..." ఆగాడు. "ఇంటి తాళాలు మార్పించుకోండి సిస్టర్."

కొన్నాళ్ళు కారు వెన్నలా నడిచింది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి కూరగాయలకని బయల్దేరింది. వీధి మలుపులో ఇంజను అరిచింది. గేరు పడలేదు.

రోడ్డు వారగా ఆపేసింది. సీటు ఆమె పెట్టుకున్న చోటే ఉంది. అద్దం కదల్లేదు. కాళ్ళ కింది పట్టా మీద మట్టి రేణువైనా లేదు. ఎవరో గానీ, అన్నీ తుడిచి, సర్ది, ఎక్కడివక్కడ పెట్టి దిగారు. గేర్‌బాక్సు నేర్చుకున్నదాన్ని మాత్రం తుడవలేకపోయారు.

ఆ కాలు ఎవరిదో ఆమెకు తెలుసు. జబ్బు పడక ముందు భర్త పక్కన కూర్చుని, ఇలాంటి అరుపు వినపడ్డప్పుడల్లా తలుపు పిడి పట్టుకునేది.

కూరగాయల మాట మరిచి వెనక్కి తిప్పింది. చప్పుడు కాకుండా తలుపు తీసింది. అతను ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె దుప్పటి సర్దుతున్నట్టు అతని పిక్క మీద చెయ్యి వేసింది. వేళ్ళ కింద కండ ఒక్క క్షణం బిగిసింది. వెంటనే, కావాలని వదిలేసినట్టు, మెత్తబడింది.

"కాళ్ళెలా ఉన్నాయండీ?"

"ఏముంది. ఎప్పటిలాగే."

"ఈమధ్య నా చేత్తో పెడితే వద్దంటున్నారు. తర్వాత తింటానని పక్కన పెట్టించుకుంటున్నారు."

"నీకు డ్యూటీకి ఆలస్యమైపోతుందని."

మోచేతి మడతలో చిన్న పట్టీ కనపడింది. రక్తం తీయడానికి సూది గుచ్చిన చోట అంటించేది. అది ఆమె అంటించింది కాదు.

అతను మెల్లగా ఇటు తిరిగాడు. చాలా రోజుల తర్వాత ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు.

"కారు బాగు చేయించావటగా. ఏమన్నాడు మెకానిక్?"

కారు చూపించినట్టు ఆమె అతనికి చెప్పలేదు.

"పాతబడిందన్నాడండీ."

"అంతేనా?"

"అంతే."

అతను చూపు తిప్పలేదు. ఆ చూపు వీపుకు గుచ్చుకుంటుంటే ఆమె వంటింట్లోకి నడిచింది. గట్టు పట్టుకుని నిలబడింది. లేచి తిరగగలిగిన మనిషి, తన ముందు కట్టెలా పడి ఉంటున్నాడు. ఎక్కడికి వెళ్తున్నాడు? ఎవరిని కలుస్తున్నాడు? ఏం చేద్దామని? ఎవరికైనా చెబుదామని ఫోను తీసింది. ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తోచక పెట్టేసింది. కారు తాళాలు పర్సులో వేసి జిప్పు లాగింది. పక్క గదిలో మంచం కిర్రుమంది. ఊపిరి బిగబట్టి వింది. అడుగుల చప్పుడు లేదు.

అప్పుడు వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఏడాదిగా అతని కాళ్ళలో సత్తువను కొంచెం కొంచెంగా తీసేస్తూ వస్తున్న మందును ఈసారి పొద్దుటి కూరలో రెట్టింపు పోసి, గరిటెతో బాగా కలిపి, "అన్నం తెస్తున్నానండీ" అని కేకేసింది.