ఈల ఆగిన చోటు

బండి మళ్లీ ఈల వేసుకుంటూ వచ్చింది.

కుమాసీలో, సువామే మెకానిక్కుల పేటలో, అమంక్వా మేస్త్రి షెడ్డు ముందు ఆగింది. ఈ వారంలో ఇది నాలుగోసారి.

"ఏం నర్సమ్మా, నీ బండి నా మీద బెంగపెట్టుకుందా?" అన్నాడు అమంక్వా.

"వేళాకోళాలొద్దు మేస్త్రీ," అంది సెర్వా. పురుళ్లు పోసే నర్సు ఆమె. "కొండ మీది ఊరి నుంచి కబురొచ్చింది. నెలలు నిండిన పిల్ల, కడుపులో కవలలు. పొద్దుట్నుంచీ నడుంనొప్పట. గంటలో బయల్దేరాలి. కొండ ఎక్కుతుండగా ఇది ఆగిపోయిందంటే మూడు ప్రాణాలు నా మెడకి చుట్టుకుంటాయి."

అమంక్వా చూపుడువేలితో తన చెవి తట్టుకున్నాడు.

"ఈ చెవి ముందు ఏ ఇంజనూ అబద్ధమాడలేదు. నువ్వు కంగారుపడకు."

ఇంజను ఆపకుండానే బానెట్ ఎత్తాడు. ఆయిల్ మట్టం చూసే పుల్లని, అదే గేజ్‌ని, పీకి, గుడ్డతో తుడిచి, పక్కన పెట్టాడు. సువామేలో ఏ మేస్త్రి అయినా ముందు చేసే పని అదే. రోగం ఏదైనా డాక్టరు నాలుక చాపమన్నట్టు.

ఈల ఆగిపోయింది.

"చూశావా? నేనంటే హడల్!"

"నిన్నా ఇదే మాట అన్నావు. సందు మలుపు తిరగ్గానే మళ్లీ మొదలెట్టింది."

నిజమే. మొన్న బెల్టు మార్చాడు. నిన్న బేరింగు మార్చాడు. ఈల మాత్రం అలాగే ఉంది. రోగమేమిటో అమంక్వాకి అంతుపట్టలేదు. ఆ మాట పైకి అంటే మేస్త్రి ఎలా అవుతాడు?

రోడ్డుకి అవతల డుఫీ అక్క పులిసిన మొక్కజొన్నపిండితో కెంకీ ముద్దలు చేసి అమ్మే అంగడి. అక్కడి బెంచీ మీద వారం రోజులుగా ఒక ముసలాయన కూర్చుంటున్నాడు. చేపముక్క నంజుకుంటూ ఇటే చూస్తుంటాడు. ఇవాళ చెయ్యి కడుక్కుని లేచాడు.

తాపీగా రోడ్డు దాటుతున్నాడు. వెనక లారీ హారన్ పేట అదిరేలా మోగింది. ఆయన అడుగు కూడా తొందరగా వెయ్యలేదు. డ్రైవరు ఆయన తాతముత్తాతలందరినీ తలుచుకుంటూ పక్కనుంచి పోయాడు.

"అబ్బో, ఎంత పొగరో!" అన్నాడు అమంక్వా.

ముసలాయన వచ్చి ఇంజను మీదకి వంగాడు. అరచేతుల నిండా కాయలు, ఒక బొటనవేలికి గోరు లేదు.

"రేకులు కొట్టే చేతులు!" వెనకనుంచి నవ్వాడు అమంక్వా. "పెద్దాయనా, దారి తప్పావా? ఇది ఇంజన్ల షెడ్డు!"

ఆయన జవాబు చెప్పలేదు. గేజ్ తీసి యథాస్థానంలో గుచ్చాడు. కాసేపటికి ఈల మొదలైంది. ఆయన సెర్వా ముఖంలోకి చూశాడు.

"వస్తోందా అమ్మా?"

అమంక్వా పగలబడి నవ్వాడు. "పేటంతా చెవులు మూసుకుంటుంటే వస్తోందా అంటాడేమిటి!"

సెర్వా తలూపింది. ఆయన గేజ్ పీకాడు.

"ఇప్పుడు?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మళ్లీ గేజ్ పెట్టేసి, జేబులోంచి పాత పేపరు తీశాడు. సన్నటి పీలిక చింపి, ఇంజను పైన నెమ్మదిగా తిప్పాడు. ఒకచోట పీలిక టక్కున అతుక్కుపోయింది.

"ఇదిగో, ఇక్కడ. ఈ మూత కింద రబ్బరు పొర చిరిగింది. ఈ చిన్న రంధ్రంలోంచి గాలి లాక్కుంటోంది. గేజ్ పీకితే గాలికి అటు దారి దొరుకుతుంది, ఈల ఆగుతుంది. మీరేమో బండి రాగానే అదే పీకుతున్నారు. దొంగని దొడ్డిగుమ్మంలోంచి పంపేసి ఇల్లంతా వెతికినట్టు."

అమంక్వా వంగి ఆ పీలిక అతుక్కున్న చోటుకేసి చూశాడు.

"మీకెలా తెలిసింది?" అంది సెర్వా.

"నాలుగుసార్లు మీ ముఖం చూశానమ్మా. ఆ పుల్ల బయటుంటే విచ్చుకుంటోంది. లోపలికి పోయాక ముడుచుకుంటోంది."

ఇంజను ఆపించి, మూత విప్పి, పాత ట్యూబు ముక్క కత్తిరించి పొర కింద అమర్చాడు. పావుగంట పని. బండి మళ్లీ స్టార్ట్ చేస్తే పిల్లిలా కూర్చుంది. గేజ్ లోపలే ఉంది, ఈల లేదు. సెర్వా కళ్లు చెమర్చాయి.

"వెళ్లు తల్లీ. కొండ మీద కవలలు ఎదురుచూస్తున్నారు. కొత్త రబ్బరు రేపు వేయించుకోవచ్చు."

బండి చప్పుడు లేకుండా సందు మలుపు తిరిగింది.

అమంక్వా గుడ్లప్పగించి నిలబడిపోయాడు. కవలల సంగతి రోడ్డు అవతల నుంచి, ఇంత రొదలో విన్నాడా ఈయన? అమ్మో, చెవి అంటే అదీ! తన చెవి ఆయన కాలిగోటికి చాలదు.

ఈలోగా ముసలాయన సంచి తీసుకుని ఊరికి పోయే వ్యాను దగ్గరికి నడిచాడు.

"మేస్త్రీ!" పుట్టాక మొదటిసారి ఇంకొకణ్ని ఆ మాటతో పిలిచాడు అమంక్వా. "మేస్త్రీ, ఆగండి! తప్పయిపోయింది! నాకూ నేర్పండి!"

ఆయన వెనక్కి తిరగలేదు. వ్యాను ఎక్కాడు. అమంక్వా వెంట పరుగెత్తేలోగా అది కదిలిపోయింది.

అమంక్వా రొప్పుతూ డుఫీ అంగడి ముందు కూలబడ్డాడు.

"మళ్లీ ఎప్పుడొస్తాడక్కా?"

"ఎందుకొస్తాడు? ఆయన పనిచేసే రేకుల షెడ్డు మూసేశారుగా. కూతురు దగ్గరికి పోయాడు."

"గొంతు చించుకుని పిలిచాను. అంత గొప్ప చెవులున్న మనిషి, ఒక్కసారి తిరిగి చూడలేదు. నా మీద కోపమేనంటావా?"

డుఫీ ఆయన తిన్న పళ్లెం తుడుస్తూ అంది.

"ఎదురుగా వెళ్లి పెదాలు కదపాల్సింది తమ్ముడూ, ముప్పై ఏళ్లు రేకులు కొట్టీ కొట్టీ, పదేళ్లుగా ఆయనకి పిడుగు పడ్డా వినపడదు."