అక్క ఎంచుకున్న కారు

"ఆ నీలం కారు కొన్నావంటే నీ ఇంటి గడప తొక్కనక్కా," అని తమ్ముడు తెగేసి చెప్పాడు.

పాత కార్లు అమ్మే రేకుల షెడ్డులో ఒకే మోడల్ కార్లు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. తెల్లది కంపెనీ నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అలాగే ఉంది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా ఎవరూ తీయలేదు. నీలందానికి మాత్రం పాత యజమాని తగిలించని సోకు లేదు. వెడల్పాటి టైర్లు, వెనకాల ఒక రెక్క, పిడికిలి దూరేంత సైలెన్సర్ గొట్టం. కిందటి వారమే ఉద్యోగ విరమణ చేసిన అక్క, కళ్లద్దాలు సవరించుకుంటూ పొద్దుటి నుంచి దాని చుట్టూనే తిరుగుతోంది.

తమ్ముడు వెంటబెట్టుకొచ్చిన మెకానిక్ కూడా తెల్లదే కొనమన్నాడు. మార్పులు చేసిన బండికి రేపు సామాన్లు దొరకవన్నాడు. బీమావాళ్లు సవాలక్ష యక్షప్రశ్నలు వేస్తారన్నాడు. ఎవడో కుర్రాడు దాన్ని ప్రాణం పోయేలా తోలి ఉంటాడని కూడా అన్నాడు.

అక్క అన్నీ ఓపికగా విని షెడ్డు యజమానిని ఒక్కొక్కటే అడిగింది. మార్పులన్నీ కాగితాల్లోకి ఎక్కాయా? ఎక్కాయట. ఇంజన్ విప్పారా? లేదట. తీసేసిన అసలు భాగాలేవి? డిక్కీలో గోనెసంచిలో భద్రంగా ఉన్నాయట. మెకానిక్ కారు కిందికి దూరి, టార్చి వేసి పావుగంట చూశాడు. చొక్కా దులుపుకుంటూ లేచి, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదని అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

ముందు తెల్లదాన్ని నడిపి చూడమని తమ్ముడు పట్టుబట్టాడు. అక్క కాదనలేదు. వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. అది వచ్చి పక్కన ఆగేదాకా ఎవరికీ తెలియలేదు. వెన్నపూసలా ఉంది కదా అని తమ్ముడు మురిసిపోయాడు. అక్క దిగి, నీలం కారెక్కింది.

తాళం తిప్పగానే షెడ్డు రేకులు గడగడలాడాయి. పైన కూర్చున్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఎదురు కొట్లో దర్జీ మిషన్ ఆపి బయటికి వచ్చాడు. కారు ఆ వీధిని ఒకటి కాదు, మూడు చుట్లు చుట్టింది. మూడో చుట్టులో, ఎదురుగా పిల్లి కూడా లేకపోయినా, అక్క పొడుగ్గా హారన్ కొట్టింది.

దిగేసరికి ఆమె కళ్లలో నీళ్లు. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్లు. అక్క అంతగా నవ్వడం తమ్ముడు ఎన్నడూ చూడలేదు. గడప మాట మింగేసి, మెల్లగా బేరానికి దిగాడు.

"సరే, నీ ఇష్టమే కానీ. ఆ సైలెన్సర్ ఒక్కటీ మార్పిద్దామక్కా. అసలుది సంచిలో ఉందిగా."

"మిగతావన్నీ పీకించినా ఊరుకుంటాన్రా. దాని జోలికి మాత్రం రాకు."

షెడ్డు యజమాని తాళాలు ఆమె చేతిలో పెడుతూ, ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "ఇన్నాళ్లూ ఏం ఉద్యోగం చేశారమ్మా?"

"లైబ్రరీలో, నాయనా," అంది అక్క, మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుంటూ. "ముప్పై నాలుగేళ్లు ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు కిందే నా కుర్చీ."