శాంతికుమార్ సాక్ష్యం

2016 జూన్ 12, ఆదివారం. బొబ్బిలి పక్క ఊరి చర్చిలో శాంతికుమార్ లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు.

"నా పెళ్లాన్ని కొడతన్నాను. కొట్టినట్టు నాకు తెల్దు. రాత్రి దానికి రెండు పళ్లు రాలగొట్టీసాను. ప్రార్థన సెయ్యండి."

ఆడవాళ్ల వైపు, రెండో వరసలో అతని భార్య మెర్సీ తల దించుకుని ఉంది. పై పెదవి చీలి ఉంది.

శాంతికుమార్ మాజీ జవాను. మందుపాతర పేలి అతని బండిలోని నలుగురు చనిపోయారు. అప్పటి నుంచి ఉన్నట్టుండి ఆగిపోతాడు. కళ్లు తెరిచే ఉంటాయి. పిలిస్తే పలకడు. తేరుకున్నాక మధ్యలో జరిగిందేదీ గుర్తుండదు. ఏం జరిగిందో, అదే ఇంట్లో ఉండే అతని అన్న విక్టర్ చెబుతాడు.

ఏప్రిల్‌లో బెల్టు దెబ్బలు. మే నెలలో అట్లకాడ వాత. ఇప్పుడు పళ్లు.

విక్టర్ చర్చి సంఘంలో పెద్ద. తమ్ముణ్ని విశాఖ తీసుకెళ్లి మానసిక ఆసుపత్రిలో వదిలేద్దామంటాడు. మెర్సీ ఒప్పుకోలేదు.

ఆరాధన అవగానే శాంతికుమార్ పోలీస్ స్టేషన్‌కు నడిచాడు. వెనకే విక్టర్, మెర్సీ వెళ్లారు.

"నన్ను లోపలెయ్యండి సార్. లేకపోతే ఈ రాత్రికి దీన్ని సంపేస్తాను."

హెడ్ కానిస్టేబుల్ సత్యం నవ్వాడు. "ఇది లాడ్జీ అనుకున్నావేటిరా?"

తర్వాత మెర్సీ పెదవి చూశాడు. నవ్వు ఆపాడు.

"ఏటమ్మా, ఈడేనా కొట్టింది?"

మెర్సీ విక్టర్ వైపు చూసింది. "ఆయనకేటీ తెల్దు బాబూ."

"సూసారా?" అన్నాడు విక్టర్. "ఇంకా ఎనకేసుకొస్తాది. ఆస్పత్రికి పంపుదామే అంటే ఇనదు. ఇలాగే తన్నులు తిని సస్తాది."

శాంతికుమార్ అన్న చేతులు పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఈ ఒక్క రాత్రీ దాన్ని నువ్వే సూసుకో."

సత్యం అతన్ని లాకప్‌లో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి బెల్టుకు తగిలించుకున్నాడు.

ఆ రాత్రి శాంతికుమార్ ఒకసారి ఆగిపోయాడు. సత్యం లాఠీతో ఊచల మీద కొట్టాడు. పేరు పెట్టి అరిచాడు. శాంతికుమార్ గోడకు ఆనుకుని అలాగే కూర్చున్నాడు. చెయ్యి కూడా ఎత్తలేదు.

తెల్లారాక అతను అడిగిన మొదటి మాట: "మెర్సీని మళ్లీ కొట్టానా సార్?"

"ఎలా కొడతావురా? తాళం నా దగ్గరుంటే!"

సత్యం ఊచల్లోంచి అందించిన నీళ్లతో శాంతికుమార్ మొహం కడుక్కున్నాడు. టీ తాగాడు.

సోమవారం ఉదయం ఏడు గంటలకు, సత్యం ఇంకా లాకప్ తాళం తీయకముందే, స్టేషన్ ముందు ఆటో ఆగి మెర్సీ దిగింది. ఆమె కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగి వేలాడుతోంది.